తారలు తగ్గిన బరువు - మన ఒంటికి తగునా?

(సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో, జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఆరోగ్యం మీద ఏదైనా ఒక ఇరవై నిమిషాలు మాట్లాడమ్మా" అన్నారు. ఏం మాట్లాడాలా అని నేను పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. విషయం మన వాట్సాప్ గ్రూపే ఇచ్చింది. ఆరు నెలల కిందట అందులో "స్వర్ణోత్సవానికి పది కిలోలు" అని ఒక పందెం మొదలైంది గదా. పందెం కాసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను. రోజుకో హీరో ఫొటో, రోజుకో హీరోయిన్ ఫొటో. పక్కపక్కనే రెండు బొమ్మలు, కింద "ముందు, తర్వాత" అని. ఒకరు రసాల మీదే ఉన్నామన్నారు. ఒకరు అన్నం మానేసి కొబ్బరినూనె తాగుతున్నామన్నారు. ఇంకొకరు నాకు విడిగా మెసేజ్ పెట్టి ఇంజెక్షన్ ఖరీదెంతో అడిగారు. చివరికి ఒకాయన అందరి ముందూ అడిగేశారు: "డాక్టరమ్మా, వాళ్ళకు పనిచేసింది మనకెందుకు పనిచేయదు?"

న్యాయమైన ప్రశ్నే. ఈ ఇరవై నిమిషాలూ దానికి జవాబు చెప్పడానికే వాడుకుంటాను.

ముందుగా వాళ్ళెలా తగ్గారో చూద్దాం. సినిమా నటుడికి ఒళ్ళు ఒక పనిముట్టు. వడ్రంగి ఉలికి పదును పెట్టుకున్నట్టు పాత్రను బట్టి దాన్ని మార్చుకుంటారు. 2016లో వచ్చిన 'దంగల్' కోసం ఆమిర్ ఖాన్ సుమారు 97 కిలోల దాకా పెరిగి, కొన్ని నెలల్లోనే పాతిక కిలోల పైచిలుకు తగ్గారు. లావుగా కనిపించే భాగం ముందు తీయమని ఆయనే అడిగారట. చివర్లో లావుగా ఉండిపోతే తగ్గాలన్న పట్టుదల ఉండదని ఆయన లెక్క. హాలీవుడ్ నటుడు క్రిస్టియన్ బేల్ 2004 నాటి 'ది మెషినిస్ట్' కోసం సుమారు 28 కిలోలు తగ్గారు. రోజుకొక ఆపిల్, ఒక డబ్బా ట్యూనా చేప, కాఫీ. అంతే తిండి. మన తెలుగులో అనుష్క 2015లో 'సైజ్ జీరో' కోసం బరువు పెరిగారు. బరువు తగ్గిస్తామని మోసం చేసే వ్యాపారాల మీద తీసిన సినిమా అది. పాత్ర కోసం పెరిగినంత సులువుగా తగ్గడం కుదరలేదని అప్పట్లో సినిమా పేజీలు చదివినవాళ్ళందరికీ తెలుసు.

వీళ్ళ వెనక ఏముందో చూడండి. కేలరీలు లెక్క కట్టి వండిపెట్టే మనిషి ఉంటాడు. పొద్దున, సాయంత్రం పక్కన నిలబడి కసరత్తు చేయించే శిక్షకుడు ఉంటాడు. రక్తపరీక్షలు చూసే వైద్యుడు ఉంటాడు. ఏడాది పాటు అదే ఉద్యోగం, దానికి జీతం కూడా ఉంది. వయసు కూడా మనకంటే తక్కువ. మనకేమో పొద్దున్నే మనవడిని స్కూలు బస్సు ఎక్కించాలి, బ్యాంకు పని చూసుకోవాలి, మోకాలి నొప్పి, ఒక బీపీ మాత్ర, ఒక షుగరు మాత్ర. అన్ని ఏర్పాట్లున్న వాళ్ళు చేసినదాన్ని ఏ ఏర్పాటూ లేకుండా చేయబోతే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే ఉంటుంది.

ఇంకో సంగతి. చొక్కా విప్పి కండలు చూపించే దృశ్యం ఉందంటే, దానికి ముందు కొందరు నటులు నీళ్ళు మానేస్తారు. చర్మం కింద నీరు తగ్గితే కండ గీతలు గీసినట్టు కనిపిస్తుంది. 2012లో వచ్చిన 'లే మిజరబుల్స్' కోసం 36 గంటలు ద్రవాలేవీ ముట్టలేదని హ్యూ జాక్‌మన్ చెప్పారు. అంటే ఆ కండలు ఆ ఒక్క రోజు షూటింగ్ కోసమే. మర్నాడు నీళ్ళు తాగగానే పోతాయి. అరవై దాటినవాళ్ళు, అందులోనూ మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు వాడేవాళ్ళు అలా నీళ్ళు మానేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇప్పుడు కాస్త లెక్కలు. మన లెక్కల మాస్టారు ఎదుటే ఉన్నారు కనుక తప్పు చెప్పడానికి వీల్లేదు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. పది కిలోల కొవ్వంటే 77,000. దాన్ని నెల రోజుల్లో కరిగించాలంటే రోజుకు 2,500 కేలరీల పైన లోటు పెట్టాలి. మన వయసులో చాలామందికి రోజు మొత్తం ఖర్చే 1,800 నుంచి 2,000 మధ్య. అంటే నెల రోజులు పచ్చి మంచినీళ్ళ మీద ఉన్నా పది కిలోల కొవ్వు కరగదు. మరి "నెలలో పది కిలోలు" అన్న ప్రకటనలో తగ్గేదేమిటి? నీరు, కండ.

మన కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ దగ్గర దగ్గర మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గించగానే ముందు ఈ నిల్వ ఖర్చవుతుంది, నీరు బయటికి పోతుంది. అందుకే మొదటి వారంలో కాటా రెండు మూడు కిలోలు తక్కువ చూపిస్తుంది. మనం సంబరపడి గ్రూపులో ఫొటో పెడతాం. పండక్కి రెండు పూటలు సరిగ్గా తినగానే ఆ నీరు తిరిగొస్తుంది. అది మన పట్టుదల లోపమేమీ కాదు.

అదే పది కిలోలను ఆరు నెలల మీద పంచండి. రోజుకు సుమారు 430 కేలరీల లోటు సరిపోతుంది. ఒక కప్పు అన్నం సుమారు 200 కేలరీలు. రాత్రి ఒక కప్పు అన్నం తగ్గించి, పంచదార టీలు తగ్గించి, ఓ గంట నడిస్తే అక్కడిదాకా వెళతాం. బరువు తగ్గేకొద్దీ ఒళ్ళు ఖర్చు కూడా తగ్గించుకుంటుంది కనుక చివర్లో వేగం మందగిస్తుంది. వారానికి అర కిలో, మహా అయితే కిలో అని మేం చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే.

"వేగంగా తగ్గి, తర్వాత నిలబెట్టుకుంటాం" అనేవాళ్ళున్నారు. దానికి రెండు సాక్ష్యాలు చెబుతాను.

ఒకటి, అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ. 1988 నవంబరులో ఆమె తన కార్యక్రమంలోకి ఒక చిన్న బండి లాక్కుంటూ వచ్చారు. దాని నిండా జంతువుల కొవ్వు, 67 పౌండ్లు, అంటే మన లెక్కలో ముప్ఫై కిలోలు. నాలుగు నెలల పాటు ద్రవాహారం మీదే ఉండి తాను తగ్గించుకున్న బరువు అంత అని చూపించారు. లక్షలాది మంది చూశారు. ఆ బరువు తిరిగొచ్చింది. తర్వాత ముప్ఫై అయిదేళ్ళ పాటు అది తగ్గుతూ పెరుగుతూనే ఉంది. డబ్బుకు, వంటవాళ్ళకు, శిక్షకులకు కొరత లేని మనిషి ఆమె. చివరికి 2023 డిసెంబరులో, తాను బరువుకు మందు వాడుతున్నానని ఆమే బయటపెట్టారు. ఇన్నేళ్ళూ అదంతా తన సంకల్పబలం లోపమని నిందలు పడ్డానని కూడా అన్నారు.

రెండోది, 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికా టీవీ పోటీ. ఎవరు ఎక్కువ బరువు తగ్గితే వాళ్ళు గెలిచినట్టు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పిలిచి పరీక్షించారు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు, ఆరేళ్ళలో సగటున 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. వాళ్ళ ఒళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేయాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. ఆరేళ్ళు గడిచినా అంతే. కరువు వచ్చిందనుకుని ఒళ్ళు పొదుపు మొదలుపెట్టి, దాన్ని వదలడం లేదన్నమాట.

కరువులో మనిషి మనసు ఎలా మారుతుందో రెండో ప్రపంచ యుద్ధం చివర్లోనే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చూశారు. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను వాళ్ళ ఇష్టంతోనే ఆరు నెలలు అర్ధాకలితో ఉంచారు. వాళ్ళు సుమారు పావు వంతు బరువు తగ్గారు. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట. కలలో కూడా తిండే. ఎండాకాలంలో చలి వేసేది. ఊరికే చిరాకు పడేవారు. ఇంట్లో కడుపు మాడ్చుకునేవాళ్ళ మీద కోప్పడే భార్యలకు, భర్తలకు ఈ సంగతి ఉపయోగపడుతుందని చెబుతున్నాను. ఆ చిరాకు మనిషిది కాదమ్మా, ఆకలిది.

ఇక పద్ధతులు ఒక్కొక్కటీ చూద్దాం.

ఉప్పు మానేయడం. నటి శ్రీదేవి గారు 2018 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ప్రమాదవశాత్తూ నీట మునిగి చనిపోయారు. కారణం అంతవరకే నమోదైంది. ఆమె తెర మీద సన్నగా కనిపించడం కోసం తరచూ ఉప్పు లేని తిండి తినేవారని, కొన్నిసార్లు కళ్ళు తిరిగి పడిపోయారని 2023లో ఆమె భర్త బోనీ కపూర్ చెప్పారు. ఆ రెండు సంగతులనూ నేను ముడిపెట్టను, మీరూ ముడిపెట్టవద్దు. అయితే రక్తపోటు తక్కువగా ఉన్నవాళ్ళు ఉప్పు పూర్తిగా మానేస్తే కళ్ళు తిరుగుతాయన్నది మాత్రం నిజం. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించాలి. తగ్గించడం వేరు, మానేసి పస్తుండటం వేరు.

అన్నం మానేసి కొవ్వు తినడం. దీని మూలం 1921 నాటిది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లల కోసం అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఈ కీటో ఆహారాన్ని రూపొందించారు. ఇప్పటికీ ఆ జబ్బుకు వాడుతున్నారు, వైద్యుల పర్యవేక్షణలో. మన జిల్లాల్లో కొన్నేళ్ళ కిందట ఇది ఊరూరా పాకింది. కొంతమందికి బరువు తగ్గింది, షుగరు కూడా తగ్గింది. అది నేను కాదనను. చిక్కు ఎక్కడంటే మాత్రలతో.

నా దగ్గరికి తీసుకొచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. అరవై ఒకటో ఏడు, రిటైరయ్యారు. షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నారు. ఫోన్లో వీడియో చూసి ఒక సోమవారం నుంచి అన్నం, ఇడ్లీ, పండ్లు అన్నీ మానేశారు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. ఆ మాత్ర తిండితో నిమిత్తం లేకుండా ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది. మూడో రోజు తెల్లవారుజామున ఆయన భార్య లేచి చూస్తే, ఆయన ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. ఆవిడ భయపడి నోట్లో పంచదార నీళ్ళు పోయబోతే, పక్కింటి కుర్రాడు ఆపాడు. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ కుర్రాడికి ఆ సంగతి తెలియడం వాళ్ళ అదృష్టం. ఆసుపత్రికి వచ్చేసరికి రక్తంలో షుగరు 38. గ్లూకోజు నరంలోకి ఎక్కించాక కళ్ళు తెరిచారు. ఆ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది కనుక రెండు రోజులు ఉంచుకున్నాం. ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఆవిడ నన్ను అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

అందుకని ఇది రాసుకోండి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొవ్వు మీద ఉంటే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. అప్పుడు షుగరు మామూలుగానే కనిపించవచ్చు, మనిషికి మాత్రం వాంతులు, ఆయాసం. బీపీ మాత్రలు వాడేవాళ్ళకు బరువు తగ్గేకొద్దీ అదే మోతాదు ఎక్కువైపోతుంది, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. ఏ ఆహార పద్ధతి మొదలుపెట్టినా ముందు మాత్రల చీటీ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన మీ పద్ధతిని ఒప్పుకోకపోయినా, మాత్ర ఎంత తగ్గించాలో చెబుతారు.

కొవ్వు పీల్చడం, అదే లైపోసక్షన్. ఆర్తీ అగర్వాల్ గారు మన తెలుగువాళ్ళందరూ ఇష్టపడిన నటి. 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్ళకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమెకు లైపోసక్షన్ జరిగిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ అమ్మాయి మరణానికి కారణాలు విప్పడం నా పని కాదు. శస్త్రచికిత్స గురించి మాత్రం చెబుతాను. నడుము దగ్గరో తొడ దగ్గరో ఆకారం సరిదిద్దడానికి అది వచ్చింది. బరువు తగ్గించడానికి వచ్చింది కాదు. ఎక్కువ కొవ్వు ఒకేసారి తీస్తే ఒంట్లో నీరు, లవణాలు తారుమారవుతాయి, రక్తం గడ్డలు కట్టవచ్చు, కొవ్వు ముక్కలు ఊపిరితిత్తులకు చేరవచ్చు. పైగా అది తీసేది చర్మం కింది కొవ్వును. గుండెకు, షుగరుకు చేటు చేసే కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో ఉంటుంది. స్థూలకాయం ఉన్న 15 మంది స్త్రీలకు సుమారు పది కిలోల చొప్పున కొవ్వు పీల్చేసి చూస్తే షుగరులో, బీపీలో, కొలెస్ట్రాల్‌లో ఏ మార్పూ రాలేదని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. కొలత మారింది, జబ్బు మారలేదు.

పొట్ట తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేరు. బాగా స్థూలకాయం ఉన్నవాళ్ళకు, దానితో షుగరు ఉన్నవాళ్ళకు అది నిజంగా మేలు చేస్తుంది. అయితే ఆ తర్వాత జీవితాంతం బి12, ఇనుము లాంటివి వేసుకుంటూ, పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. పందెం కోసం చేయించుకునేది కాదు.

ఇప్పుడు ఇంజెక్షన్లు. అడిగినవారు కాస్త ముందుకు జరిగి వినండి. మన పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను ఉంది. తిన్నాక అది మెదడుకు "చాలు" అని చెబుతుంది. ఆ పని ఎక్కువ సేపు చేసే పదార్థం అమెరికా ఎడారుల్లోని గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికింది. దాని ఆధారంగా మొదటి మందు 2005లో షుగరుకు వచ్చింది. ఆ కుటుంబంలోదే సెమాగ్లూటైడ్. ఓజెంపిక్, వెగోవీ అన్నవి దాని అమ్మకపు పేర్లు. దానికి దగ్గరి చుట్టం టిర్జెపటైడ్, అదే మౌంజారో. 2025లో మౌంజారో, వెగోవీ రెండూ మన దేశంలోకి వచ్చాయి.

ఇవి బూటకం కావు. సెమాగ్లూటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. మందు లేని సూదులు తీసుకున్నవాళ్ళలో తగ్గింది రెండున్నర శాతం లోపే. నేను కూడా అవసరమైనవాళ్ళకు రాస్తున్నాను. కానీ మందు ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే బీపీ మాత్రలాగా ఏళ్ళ తరబడి వాడాల్సిన మందు. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలే. పిత్తాశయంలో రాళ్ళు, క్లోమం వాపు అరుదుగా రావచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు. కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది. అరవై దాటాక పోయిన కండ తిరిగి రావడం కష్టం. కాలు తడబడి పడితే తుంటి విరుగుతుంది. కనుక వైద్యుడు చూసి రాయాలి, మాంసకృత్తులు తింటూ, కండరాలకు పని చెబుతూ వాడాలి. బ్యూటీ పార్లర్‌లోనో, ఆన్‌లైన్‌లోనో కొనుక్కుని పొడుచుకునే సూది కాదు.

"సహజం", "మూలికలు", "కొవ్వు కరిగించే గుళికలు" అని వచ్చేవాటితో మరీ జాగ్రత్త. ఈ దారిలో చరిత్ర మంచిది కాదు. 1930లలో డీఎన్‌పీ అనే రసాయనాన్ని బరువు తగ్గడానికి అమ్మారు. ఒళ్ళు లోపల నుంచి కాలిపోయినట్టు జ్వరం వచ్చి మనుషులు పోయారు. 1997లో ఫెన్‌ఫ్లురమైన్‌ను గుండె కవాటాలు పాడవుతున్నాయని వెనక్కి తీసుకున్నారు. 2010లో సిబుట్రమైన్‌ను గుండెపోటు, పక్షవాతం భయంతో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు. ఆ తర్వాత కూడా అదే సిబుట్రమైన్ "మూలికల" పొడుల్లో, గుళికల్లో పదే పదే బయటపడింది. అసలు మందు పేరు డబ్బా మీద ఉండదు. తిన్నవాడికి తెలిసేది గుండె దడ మొదలయ్యాకే.

ఇంతసేపూ వద్దు వద్దు అన్నాను. ఏం చేయాలో కూడా చెప్పి దిగుతాను.

మొదట, కాటాను కొన్నాళ్ళు అటక మీద పెట్టి టేపు తీసుకోండి. మన భారతీయుల ఒళ్ళు చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలూ ప్రచురించారు. ఇద్దరికీ బీఎంఐ 22.3. ఇంగ్లీషాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2 శాతం. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పొద్దు, అది పొట్ట కింద కట్టేది. టేపు పట్టి, ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవండి.

రెండోది, తక్కువ తగ్గినా లాభం ఎక్కువే. షుగరు రాబోయే దశలో ఉన్నవాళ్ళు ఏడు శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గుతుందని 2002లో అమెరికా అధ్యయనం చూపింది. ఎనభై కిలోల మనిషికి ఏడు శాతమంటే అయిదున్నర కిలోలే. 2006లో చెన్నై వైద్యుల అధ్యయనంలో ఇంకా మంచి కబురుంది. నడక, తిండి మార్పులతో మనవాళ్ళలో షుగరు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా. కాటా కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉందన్నమాట.

మూడోది, కంచం. అన్నం మానొద్దు. ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. ఇప్పుడు మనం చేసేది దానికి తిరగేసి. ప్రతి పూటా పప్పో, గుడ్డో, పెరుగో, చేపో, శనగలో ఉండాలి. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించండి. నాలుగోది, నడకతో పాటు కండరాలకు పని. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా పదిసార్లు లేవండి. రోజుకు మూడు విడతలు. గోడకు రెండు చేతులు ఆనించి తోయండి. మన డ్రిల్లు మాస్టారు ఎండలో నిలబెట్టి చేయించిన గుంజీలకు ఇప్పుడు జిమ్ముల్లో వేలు కట్టి వెళుతున్నారు. మనకు ఉచితంగా వచ్చు. మోకాళ్ళు అరిగినవాళ్ళు మాత్రం కుర్చీతోనే ఆగండి.

ఇక వెనక వరసల్లో ఉన్న పిల్లల కోసం ఒక్క మాట, అది పెద్దలు కూడా వినాలి. ఈ మధ్య ఒక తల్లి పదో తరగతి చదివే కూతుర్ని తీసుకొచ్చింది. జుట్టు ఊడుతోందని, నాలుగు నెలలుగా నెలసరి ఆగిందని. ఆ పిల్ల బరువు ఎప్పుడూ ఎక్కువ లేదు. స్కూలుకు తెచ్చుకున్న క్యారేజీ కుక్కకు పెట్టి, ఖాళీ డబ్బా ఇంటికి తీసుకెళుతోంది. ఎందుకమ్మా అంటే, చాలాసేపటికి చెప్పింది. ఒక పెళ్ళిలో పెద్దమ్మ నలుగురిలో "ఏమే, బాగా బొద్దుగా అయ్యావు" అందట. ఆ తర్వాత ఫోన్లో హీరోయిన్లు ఏం తింటారో చూడటం మొదలుపెట్టింది. ఆ పెద్దమ్మ ప్రేమగానే అని ఉంటుంది. మనమందరం అంటాం. ఎవరైనా కనబడగానే "చిక్కిపోయావే", "లావయ్యావే" అన్నది మన పలకరింపు అయిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు తింటోంది. నెలసరి తిరిగి రావడానికి అయిదు నెలలు పట్టింది.

పిల్లలూ, మీరు తెర మీద చూసే ఒంటి వెనక ఎంతమంది పని, ఎంత ఖర్చు, ఎంత ఆకలి ఉందో విన్నారు గదా. మీ వయసులో ఎముక కట్టేది, ఎత్తు పెరిగేది తిన్న తిండితోనే. ఎవరైనా తిండి మానేస్తున్నారని మీ స్నేహితురాలి గురించి తెలిస్తే, టీచరుకు చెప్పండి. అది చాడీ కాదు.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఏళ్ళ తర్వాత కలిసినవాళ్ళను ఒంటి గురించి కాకుండా ఇంకేదైనా అడిగి పలకరించండి. భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి గదిలో నేనూ, మన జూనియర్ డాక్టర్లు ఇద్దరూ టేపు, బీపీ మిషను పెట్టుకుని సాయంత్రం అయిదు దాకా కూర్చుంటాం. మీరు వాడే మాత్రల చీటీలు ఫోన్లో ఫొటో తీసి తెండి. కొబ్బరినూనె తాగుతున్నవారు, ఇంజెక్షను ధర అడిగినవారు ముందుగా రండి.

వంటవాళ్ళు పూర్ణాలు చేస్తున్నారని వాసన చెబుతోంది. ఒకటి తినొచ్చు.